సాన్ జిమిన్యానో వెళ్తున్నారా? అయితే రాత్రి అక్కడే ఉండండి

వైజాగ్ నుంచి ఇటలీ వెళ్లే మనవాళ్లు రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ చూసి, పీసా టవర్‌ని చేత్తో ఆపుతున్నట్టు ఒక ఫొటో దిగి వచ్చేస్తారు. ప్యాకేజీలో ఫ్లోరెన్స్ దగ్గర కొండ మీదున్న పాత ఊరు సాన్ జిమిన్యానో ఉన్నా అది మధ్యాహ్నం పూట ఓ రెండు గంటలసేపు హాల్టే. ఆ టైమ్‌లో ఆ ఊరి సందులు చందనోత్సవం నాటి సింహాచలం క్యూలైన్‌లా ఉంటాయి. నా మాట విని ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ లోపలే రెండు రాత్రులకి రూమ్ తీసుకోండి. సాయంత్రం టూర్ బస్సులు కొండ దిగిపోయాక ఊరు ఊళ్లోవాళ్లదీ, మీదీ.

ముందు వీసా సంగతి. ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వైజాగ్ నుంచి నేరుగా ఫ్లైట్ లేదు కాబట్టి హైదరాబాదో ఢిల్లీయో మీదుగా వెళ్లాలి. పిల్లల సెలవులు కలిసొస్తాయి కాబట్టి మే నెల బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో అక్కడి రాళ్లు కూడా మన బీచ్ రోడ్డంత కాలతాయి.

ఫ్లోరెన్స్‌లో రైలెక్కి పోగ్గిబోన్సిలో దిగండి, అక్కడి నుంచి బస్సు అరగంట లోపే కొండ మీదికి చేరుస్తుంది. పేపర్ టికెట్ కొంటే రైలుకైతే ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గర, బస్సుకైతే ఎక్కగానే లోపల ఉన్న మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ కట్టాల్సిందే. ఆదివారం బస్సులు బాగా తక్కువ, కాబట్టి ఆ రోజు ఊరు మారే ప్లాన్ పెట్టుకోకండి. కారు తీసుకుంటామంటే ఇక్కడే రవాణా ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి, కానీ ఆ పాత ఊళ్ల లోపలికి మాత్రం కారు పోనివ్వద్దు. బయటి బళ్లు రాకూడని చోట కెమెరాలుంటాయి, మీరు ఇంటికొచ్చి మర్చిపోయిన కొన్ని నెలలకి చలానా వస్తుంది. గోడ బయట పార్కింగ్‌లు ఉన్నాయి.

మేము చేసిన తప్పు చెప్తాను: చక్రాల సూట్‌కేసులు రెండు పట్టుకెళ్లాం. గేటు నుంచి రూముకి అంతా రాళ్లు పరిచిన ఎత్తు దారి, మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పెద్ద సామాను ఫ్లోరెన్స్‌లో వదిలేసి బ్యాక్‌ప్యాక్‌తో వెళ్లండి.

ఒకప్పుడు ఈ ఊళ్లో 72 టవర్లు ఉండేవంటారు, ఇప్పుడు 14 మిగిలాయి. అవి కాపలా కోసం కట్టినవి అనుకుంటాం గానీ సగం సంగతి డాబు. రోమ్‌కి వెళ్లే యాత్రికుల దారి ఇటుగానే పోయేది, దాంతోపాటు కుంకుమపువ్వు వ్యాపారం, చేతినిండా డబ్బు. ఎంవీపీ కాలనీలో పక్కింటాయన మూడో ఫ్లోర్ వేస్తే మనం పెంట్‌హౌస్ లేపినట్టు, ఒక కుటుంబాన్ని చూసి ఇంకో కుటుంబం ఎత్తు పెంచుకుంటూ పోయింది, చివరికి ఊరి పెద్దలు ఇంతకి మించి కట్టొద్దని చట్టం చేయాల్సొచ్చింది. 1348లో ప్లేగు వచ్చింది, 1353కి ఊరు ఫ్లోరెన్స్ చేతికి పోయింది. పడగొట్టి కొత్తగా కట్టుకునేంత డబ్బు లేకపోవడం వల్లే పాతవి మిగిలాయి. 1990లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

పొద్దున్న తెరవగానే ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన టవర్, 54 మీటర్ల తోరే గ్రోస్సా ఎక్కండి. మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లని బావి ఉన్న చౌకులో జెలాతో (ఇటలీ ఐస్‌క్రీమ్) చేతికిచ్చి కూర్చోబెట్టండి, వాళ్లకీ అదే బాగుంటుంది. పెద్ద చర్చిలో గోడలనిండా బైబిలు కథల బొమ్మలు, చదువురానివాళ్లకి కథ చెప్పడానికి మన గుళ్లలో గీసినట్టే. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి.

రెండో రోజు మొంతెరిజ్జోనీ. 1213లో ఫ్లోరెన్స్‌ని ఎదుర్కోవడానికి దాని పోటీ నగరం సియెనా వాళ్లు కట్టడం మొదలెట్టిన కోట ఊరు, గుండ్రటి గోడ, 14 బురుజులు. లోపల పది నిమిషాల్లో తిరిగేయొచ్చు, అసలు చూడాల్సింది గోడ మీది నడక. మొంతెరిజ్జోనీ పేరు కలిసిన రైల్వే స్టేషన్ ఒకటుంది, నమ్మకండి, కోట అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరం. పోగ్గిబోన్సి, సియెనా మధ్య తిరిగే బస్సులో కొండ కింద దిగి పైకి నడవండి. టైమ్ మిగిలితే పోగ్గిబోన్సి నుంచి రైల్లో చెర్తాల్దో వెళ్లండి, ఎర్ర ఇటుకల పాత ఊరు కొండ మీదుంటుంది, పట్టాల మీద నడిచే చిన్న బండి పైకి తీసుకెళ్తుంది, కైలాసగిరి రోప్‌వేలా గాల్లో కాదు.

తిండి దగ్గర రెండు మాటలు. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా హోటళ్లు వంట ఆపేసి మళ్లీ రాత్రి ఏడుకి తెరుస్తాయి. శాకాహారులకి బ్రెడ్డు, టమాటాలతో చిక్కగా చేసే పప్పా అల్ పొమొదోరో ఉంది, బీన్స్ వేసిన రిబొల్లీతా సూప్ ఉంది, మాంసం పులుసు కలిపారేమో అడిగి తీసుకోండి. ఇక ఆ ప్రాంతం బ్రెడ్‌లో ఉప్పే వేయరు. మొదటి ముద్దకే పిల్లలు మొహం ముడుచుకుంటారు, బ్యాగులో కందిపొడి పెట్టుకోండి, ఆలివ్ నూనె ఎలాగూ టేబుల్ మీద ఉంటుంది.