‘డక్టైల్’ లాంటి మాటకు సరైన తెలుగు మాట ఎలా ఎంచుకోవాలి?

ఇంగ్లీషులో ‘డక్టైల్’ అనే విశేషణం ఉంది. లోహాన్ని అంటే తీగలా సాగుతుందని అర్థం. మనిషిని అంటే, ఎవరు ఎటు నడిపిస్తే అటు నడుస్తాడని. ‘మాలియబుల్’, ‘ప్లయంట్’ దీనికి దగ్గరి చుట్టాలు. అనువాదం చేసేటప్పుడు ఇవి తగలగానే చాలామంది ‘సులభంగా ప్రభావితమయ్యే’ అని రాసేసి ముందుకెళ్తారు. తప్పని కాదు గానీ, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. మనకు ఇంతకంటే మంచి మాటలు బోలెడున్నాయి. వాటిని ఏరుకోవడానికి నేను రోజూ పాటించే పద్ధతి చెబుతాను.

1. పాఠమా, మామూలు మాటా?

సైన్సు పాఠమైతే వెతుక్కోనక్కర్లేదు. రేకుగా సాగే గుణం స్తరణీయత, తీగగా సాగే గుణం తాంతవత. 1 గ్రాము బంగారాన్ని సుమారు 2 కిలోమీటర్ల తీగగా లాగవచ్చు, అది తాంతవత. ఈ రెండు మాటలనూ పాఠంలోనే ఉంచండి. కథలోకి తెస్తే వాక్యం బిగుసుకుపోతుంది.

2. ఏం చేస్తే లొంగుతోందో చూడండి

అసలు పని ఇక్కడే. మాలియబుల్‌లో ‘సుత్తి’ అనే లాటిన్ మాట ఉంది, డక్టైల్‌లో ‘నడిపించడం’ ఉంది, ప్లయంట్‌లో ‘మడవడం’ ఉంది. కాబట్టి నిఘంటువు తెరిచే ముందు, ఆ వస్తువు దేనికి లొంగుతోందో అడగండి.

ఇది కళ్లతో చూడాలంటే చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కి వెళ్లండి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అవి తయారయ్యే చోట కాసేపు నిలబడండి. సెగ తగలగానే గట్టి లక్క మెత్తబడుతుంది. లాగితే సాగుతుంది. గుండ్రంగా తిప్పితే వంగుతుంది. వేడి ఆరకముందే రాయిని అద్దితే, అది లక్కలో ఒదుగుతుంది. చల్లారితే ఇక రాయి దిగదు. ఒక్క గాజు చేసేలోపు నాలుగు క్రియలు! ఏ ఒక్కటీ ఇంకోదాని పని చేయదు.

ఇంగ్లీషు విశేషణంతో చెప్పేదాన్ని తెలుగు ఎక్కువగా క్రియతోనే చెబుతుంది. అందుకే విశేషణం కోసం తడుముకోకండి, క్రియ పట్టుకోండి. సాగే, వంగే, ఒదిగే, లొంగే, కరిగే... మాట దానంతటదే వస్తుంది.

3. మనిషైతే, మెచ్చుకోలా తప్పుపట్టడమా?

మెచ్చుకోలైతే: మాట వినే, చెప్పింది ఇట్టే పట్టుకునే, ఎక్కడైనా ఇమిడిపోయే. తప్పుపట్టడమైతే: ఎవరేం చెప్పినా నమ్మే, గాలివాటుగా పోయే, గంగిరెద్దులా తలూపే.

ఒక్క చిన్న మార్పు ఎంత తేడా తెస్తుందో చూడండి. ‘పెద్దల మాట వినే పిల్లాడు’ అంటే మంచివాడు. ‘చెప్పుడు మాటలు వినే పిల్లాడు’ అంటే చెడిపోతున్నాడని భయం. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నప్పుడు వంగడం గుణం. ‘ఎవరికీ తల వంచనివాడు’ అన్నప్పుడు వంగకపోవడమే గొప్ప. క్రియ ఒక్కటే, తీర్పు మాత్రం ఎవరి ముందు వంగుతున్నారనే దాన్ని బట్టి మారుతుంది.

నాకు చాలా ఇష్టమైన మాట ‘మెతక’. మన బస్తీల్లో ఏ తల్లో ‘మా పిలగాడు మెతక, ఎవరేం చెప్పినా ఇంటడు’ అంటుంటే, ఆ ఒక్క మాటలో ప్రేమా ఉంది, దిగులూ ఉంది. ఇంగ్లీషు మూల వాక్యంలో ఆ రెండూ ఉంటే మెతక కంటే మంచి మాట నాకు దొరకలేదు.

‘విధేయుడు’ దగ్గర జాగ్రత్త. విధేయుడు చెప్పింది చేస్తాడు, కానీ లోపల మారాలని లేదు. మలిచినట్టు మారేవాడికి ఆ మాట అతకదు.

4. వాక్యంలో పెట్టి పైకి చదవండి

‘ఆంధ్రభారతి’ వెబ్‌సైట్‌లోని నిఘంటు శోధనలో పర్యాయపదాలు చూడొచ్చు. అయితే మొదట కనబడింది తీసుకోకుండా, రెండు మూడింటిని వాక్యంలో పెట్టి గొంతెత్తి చదవండి. మొన్న నాకు ‘డక్టైల్ క్రౌడ్’ అని తగిలింది. ‘ప్రభావితమయ్యే సమూహం’ అని రాసి, చదివి, కొట్టేశాను. ‘లొంగే జనం’ అని చూశాను. భయపడి లొంగినట్టుంది, అక్కడ భయం లేదు. చివరికి ఇలా రాశాను: ‘ఎవరు కేకేస్తే వాళ్ల వెంట పోయే జనం’.