తొమ్మిది రోజులు, ఆరు ఊర్లు: ఫారిన్ ట్రిప్ ప్లాన్ ఎక్కడ చెడిపోతదో, ఎట్ల బాగుచేస్కోవాల్నో

హైదరాబాద్ నుంచి మా చుట్టాలు వస్తే ఎట్లుంటదో హనుమకొండల ఉండేటోళ్ళందరికి తెలుసు. పొద్దున తొమ్మిదింటికి దిగుతరు, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప, లక్నవరం, కుదిరితే బొగత, రాత్రికి మళ్ళ వాపస్ పోవాలె అంటరు. బొగత అంటే ఇక్కడికెళ్ళి వంద కిలోమీటర్ల పైనే అని చెప్తే "కార్ ఉంది గదా" అంటరు. మేము ఇంట్ల నవ్వుకుంటం. పోయిన ఏడాది మే నెలల మేము యూరప్ పోయి అచ్చం అదే చేసినం, పారిస్ 2 రాత్రులు, ఆమ్స్టర్డామ్, ఇంటర్లాకెన్ (స్విట్జర్లాండ్‌ల కొండల నడుమ ఊరు), వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ ఒక్కొక్క రాత్రి, ఇప్పుడు నవ్వుడు బంద్ పెట్టిన. అప్పటినుంచి ఎవరు ప్లాన్ పంపినా నేను ఫస్ట్ చూసేది ఎక్కడ జబ్బుందని. కింద రాసినవన్నీ ఎక్కువ శాతం నా ఒంటి మీద పడ్డవే.

లక్షణం: రోజూ తిరిగినం, కానీ ఏ ఊరూ చూసినట్టు లేదు

ఫోన్ నిండ ఫోటోలుంటయి, అడిగితే మాత్రం స్టేషన్లు, హోటల్ మెట్లు, సూట్‌కేసులే యాదికొస్తయి.

కారణం ఒక్కటే, రోజులు లెక్కపెట్టిన్రు, రాత్రులు లెక్కపెట్టలే. మా లెక్కనే చూడండి. శుక్రవారం ఆఫీస్ అయినంక బయల్దేరి, ఆ పై వచ్చే ఆదివారం కాదు దాని తర్వాతి ఆదివారం ఇల్లు చేరాలె, సోమవారం డ్యూటీ. శనివారం నుంచి లెక్కపెడితే 9 రోజులు, మస్తు అనిపిస్తది. కానీ హనుమకొండ నుంచి శంషాబాద్‌కే ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ ఎక్కి పోతే మూడు గంటల పైన, ఫ్లైట్‌కు మూడు గంటల ముందు ఉండాలె, నడుమ గల్ఫ్‌ల ఎక్కడనో ఒక దగ్గర దిగి మారాలె, పారిస్‌ల దిగేసరికి శనివారం మధ్యాహ్నం. వాపస్ ఆదివారం ఇంట్ల ఉండాలంటే అక్కడ శనివారం మధ్యాహ్నమే ఫ్లైట్ ఎక్కాలె. అంటే చేతిల ఉన్నది 7 రాత్రులు, నిండు దినాలు ఆదివారం నుంచి శుక్రవారం దాకా 6. ఇప్పుడు ఊరు మారిన ప్రతిసారి తక్కువల తక్కువ సగం దినం తీసేయండి. ఆరు ఊర్లంటే ఐదు సార్లు మారుడు, రెండున్నర దినాలు పాయె. మిగిలింది మూడున్నర, దాన్ని ఆరు ఊర్లకు పంచితే ఒక్కొక్క ఊరికి ఒక పూట మీద జరంత, గంతే.

రోమ్‌ల మాకు మిగిలింది ఒక్క సాయంత్రం. కొలోసియం బయటికెళ్ళి చూసినం, ట్రెవి ఫౌంటెన్ల పైసలేసినం, పండుకున్నం, పొద్దున లేచి ఎయిర్‌పోర్ట్. మేడారం పోయి గద్దెల దాకా పోకుండ జంపన్నవాగుల కాళ్ళు కడుక్కోని వచ్చినట్టు.

ఏం చేయాలెనంటే, కాయితం మీద ఊర్ల పేర్లు రాసుడు కన్నా ముందు రాత్రులు రాయండి. 7 రాత్రులుంటే రెండు చోట్లు హాయిగ, మూడు చోట్లు జర ఉరుకులాటతోని, నాలుగైతే ఇగ మీ ఇష్టం. ఒక్క రాత్రి మాత్రమే ఉన్న ఊరు ఏదన్న లిస్టుల కనబడితే దాన్ని కొట్టేయండి లేకపోతే పక్క ఊరికెళ్ళి పొద్దున పోయి సాయంత్రం వచ్చేటట్టు మార్చండి. ఫ్లోరెన్స్‌ల రూం తీసుకుంటే పీసా ట్రైన్ల గంట, రోమ్ గంటన్నర, వెనిస్ కూడా రెండు గంటల చిల్లర. సూట్‌కేసు ఒక్క దగ్గరనే ఉంటది, మనిషి తిరుగుతడు, అదే సుఖం. వెనిస్‌కు ఇట్ల పగటి పూట పోయేటోళ్ళు ఒకటి చూస్కోండి, 2024 నుంచి కొన్ని దినాలల్ల పగలు వచ్చి పోయేటోళ్ళ దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకుంటున్నరు, ఏ తేదీలకో ముందే చూసి ఆన్‌లైన్ల కట్టుకోవాలె.

లక్షణం: లిస్టు తగ్గుత లేదు, ఇంట్ల లొల్లి

మా ఆవిడకు ఈఫిల్ టవర్, అమ్మకు మంచుకొండ, పిల్లగానికి కొలోసియం, నాకు ఆమ్స్టర్డామ్ కాలువలు, దాని మీద మా పెద్దమ్మ ఫోన్ చేసి "అంత దూరం పోతున్నరు వెనిస్ చూడకపోతే ఎట్ల" అని. కారణం ఏందంటే ఎవరూ ఊరు అడుగుత లేరు, అందరూ ఒక్క ఫోటో అడుగుతున్నరు, ఆ ఫోటో వెనుక ఎంత ప్రయాణమున్నదో రీల్‌ల కనబడదు.

గొడవ ఆగాలంటే మ్యాప్ ముందటేసుకోని అందరిని కూసోబెట్టాలె. ఊర్ల మీద చుక్కలు పెట్టి గీత గీయండి. గీత ఒక్క దిక్కు పోవాలె, వెనుకకు మళ్ళొద్దు. మా గీత పారిస్ నుంచి పైకి ఆమ్స్టర్డామ్ పోయి మళ్ళ కిందికి స్విట్జర్లాండ్ వచ్చింది, ఆ ఒక్క వంకర తోని మంగళవారం మొత్తం రైల్లనే, పొద్దున ఎక్కితే రాత్రికి దిగినం. ఆ వంకర పెట్టింది నేనే, ఇంట్ల ఇప్పటికీ అంటరు. గీత నుంచి ఎడంగ ఉన్న ఊరు ఎవరిదైనా సరే, నాదైనా సరే, పోవాలె. లండన్ అయితే మొదలే తీసేయండి, అది షెంగెన్ల (ఒక్క వీసా మీద తిరిగే యూరప్ దేశాల గుంపు) లేదు, వీసా వేరే.

వాపస్ కూడా ఆ గీత చివరికెళ్ళే ఎక్కాలె. చాలామంది పారిస్‌కు రౌండ్ ట్రిప్ టికెట్ చవకగ దొరికిందని కొనేస్తరు, ఇగ ఆఖరికి ఇటలీ నుంచి పారిస్ వాపస్ పోవుడు ఒక ప్రయాణం, రెండు గంటల ఫ్లైటే కానీ ఎయిర్‌పోర్టులతోని కలిపి సగం దినం పైనే. వెతికేటప్పుడు "మల్టీ సిటీ" అని ఉంటది, ఒక ఊర్ల దిగి ఇంకో ఊర్ల ఎక్కేటిది, అది పెట్టి చూడండి. కొన్నిసార్లు రేటు పెద్ద తేడా ఉండదు, ఉన్నా గూడ వాపస్ ప్రయాణం టికెట్, ఒక పూట, ఇవన్నీ కలిపి చూస్తే లెక్క వేరే వస్తది.

లక్షణం: మూడు గంటల ప్రయాణమన్నరు, రోజంతా పట్టింది

వరంగల్ దిగాల్సినోడు కాజీపేటల దిగుతడు, కార్ పట్టుకోని వరంగల్ స్టేషన్ల ఇంకొకడు నిలబడ్తడు, ఇది మన దగ్గర మామూలే గదా. వెనిస్‌ల గూడ అంతే. మెస్త్రే అని ఒక స్టేషన్, అది నేల మీద ఉన్న ఊరు, నీళ్ళల్ల ఉన్న అసలు వెనిస్ కావాలంటే ఇంకో పది నిమిషాలు పోయి సాంతా లూచియాల దిగాలె. హోటల్ చవకగ ఉందని బుక్ చేస్తే అది మెస్త్రేల ఉంటది, అది తప్పేం కాదు, తెలిసి చేయాలె. పారిస్‌ల అయితే ఆమ్స్టర్డామ్ ట్రైన్ గార్ దు నార్ నుంచి, స్విట్జర్లాండ్ ట్రైన్ గార్ ద లియాన్ నుంచి, రెండు వేరు వేరు చోట్లు. ఎయిర్‌పోర్టులు ఇంకా మోసం, చవక ఫ్లైట్ల మీద పారిస్ అని రాసి ఉంటది, దిగేది బోవేల, పారిస్‌కు 80 కిలోమీటర్ల పైన. వరంగల్ నుంచి కరీంనగర్ కన్నా దూరం అనుకోండి.

అసలు కారణం ఇంటర్నెట్‌ల చూపించే టైం రైలు కదిలినప్పటి నుంచి ఆగేదాకనే. మనిషి ప్రయాణం హోటల్ రూం తలుపు నుంచి ఇంకో హోటల్ రూం తలుపు దాకా. పది పదకొండు గంటలకు రూం ఖాళీ చేయమంటరు, అక్కడ మూడింటిదాక రూం ఇవ్వరు, నడుమ సూట్‌కేసులు మీ నెత్తి మీద. పారిస్ నుంచి జూరిక్ ట్రైన్ నాలుగు గంటలే, కానీ తలుపు నుంచి తలుపుకు లెక్కేస్తే ఏడు గంటలు వేసుకోండి. ప్లాన్ల ఆ ఏడు గంటలే రాయాలె. పొద్దుగాల ట్రైన్ తీసుకోండి, దిగంగనే బ్యాగులు హోటల్ల పడేయండి, రూం రెడీ కాకపోయినా బ్యాగులు పెట్టుకుంటరు, మధ్యాహ్నం నుంచి ఆ ఊరు మీదే.

సామాను సంగతి గూడ చెప్పాలె. మా అమ్మ సకినాలు, గారెలు రెండు డబ్బాలు పెట్టింది, అవి ఓకే, కానీ నెయ్యి, చికెన్ పచ్చడి అసలు వద్దు, బయటి దేశాల నుంచి మాంసం, పాల సామాన్లు యూరోపియన్ యూనియన్ లోపలికి తీసుకపోనియ్యరు. వెనిస్‌ల స్టేషన్ ముంగటనే మెట్ల బ్రిడ్జి ఉంటది, నాలుగు పెద్ద సూట్‌కేసులు దాని మీదికెళ్ళి ఎక్కించి దించేసరికి నాకు వెనిస్ మీద ప్రేమ పోయింది. మనిషికి ఒక్క చిన్న పెట్టె, గంతే.

లక్షణం: పోయేసరికి బంద్

ఇది చిన్న జబ్బు, మందు కూడా చిన్నదే, కానీ దీనికే ఎక్కువమంది ఏడుస్తరు. ఊర్లను రాత్రులకు పంచేటప్పుడు వారాలు చూడలే, అదే కారణం. పారిస్‌ల లూవ్ర్ మ్యూజియం మంగళవారం బంద్. అక్కడి ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ రాజమహల్ సోమవారం బంద్, ఫ్లోరెన్స్‌ల ఉఫీత్సి మ్యూజియం గూడ సోమవారమే. వాటికన్ మ్యూజియంలు ఆదివారం బంద్, నెలల ఆఖరి ఆదివారం మాత్రం ఫ్రీగ తెరుస్తరు, ఆ రోజు లైన్ చూస్తే మన సమ్మక్క జాతర తక్కువనిపిస్తది. స్విట్జర్లాండ్‌ల ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసుంటయి, పెద్ద స్టేషన్లల్ల ఉన్నవి తప్ప, వండుకునే ఉద్దేశం ఉన్నోళ్ళు శనివారమే కొనుక్కోండి. ప్లాన్ల తేదీ పక్కన సోమ, మంగళ అని రాసుకుంటే ఇవన్నీ అక్కడనే దొరికిపోతయి, రెండు ఊర్లు అటిటు మారిస్తే అయిపోతది.

లక్షణం: కొండ మీదికి పోయినం, తెల్లగ మబ్బు తప్ప ఏం కనబడలే

మంగళవారం రాత్రి ఇంటర్లాకెన్ల దిగినం, బుధవారం మధ్యాహ్నం వెనిస్ ట్రైన్. అంటే యుంగ్‌ఫ్రౌయోక్‌కు, అదే అమ్మ అడిగిన మంచుకొండ, రైల్ల పైదాక పోవచ్చు, ఒక్క పొద్దుటి పూట. 3,454 మీటర్ల ఎత్తు, ఇంటర్లాకెన్ నుంచి ఎక్కడానికే సుమారు రెండు గంటలు, ఫస్ట్ ట్రైన్‌కే పోయినం, టికెట్ రేటు చెప్తే అమ్మకు అక్కడనే కళ్ళు తిరుగుతయని చెప్పలే. పైన అంతా తెలుపే, ముందటున్న మనిషి కనబడ్త లేడు. అమ్మ గంటసేపు చూసి "ఇంత దూరం వచ్చింది దీనికా, చలికాలం పొద్దున మన లక్నవరం కట్ట మీద గూడ ఇట్లనే ఉంటది గదరా" అన్నది. ఏం జవాబు చెప్తం.

తప్పు వానదేవునిది కాదు. కొండలుండే చోట వాతావరణం మీద మనకు చెయ్యి లేదు, మన చేతిల ఉన్నది పొద్దులు ఎన్ని పెట్టుకుంటమనేది. అందుకే కొండ ఊరికి మూడు రాత్రులు పెట్టాలె, తక్కువల తక్కువ రెండు నిండు దినాలు ఉండాలె. పెద్ద కొండ టికెట్ తేదీ వేసి ముందే కొనకండి. పొద్దున లేవంగనే కొండ మీది లైవ్ కెమెరాలు ఆన్‌లైన్ల చూడండి, తేటగ ఉంటే ఉరకండి, మబ్బుంటే ఆ రోజు కింద సరస్సుల మీద పడవలు, లాటర్‌బ్రునెన్ జలపాతాలు చూడండి, వాన పడినా అవి బాగనే ఉంటయి. పెద్దవాళ్ళకు ఆ ఎత్తుల ఊపిరి తక్కువైనట్టు, తల తిరిగినట్టు ఉండొచ్చు, మెల్లగ నడిపియ్యండి, గుండె ఊపిరి ఇబ్బందులుంటే డాక్టర్‌ను అడిగినంకనే.

లక్షణం: వీసాకు ఏ దేశం దగ్గర అప్లై చేయాల్నో తెలుస్త లేదు

ఇది చూస్తే వీసా సమస్య లెక్క ఉంటది కానీ ఇది గూడ రాత్రుల లెక్కనే. ఎక్కువ రోజులు ఏ దేశంల ఉంటరో ఆ దేశానికే అప్లై చేయాలె, సమానంగ ఉంటే ఫస్ట్ ఏ దేశంల అడుగుపెడ్తరో దానికి. "ఫలానా దేశం అపాయింట్‌మెంట్ తొందరగ దొరుకుతుంది" అని అక్కడ అప్లై చేసి ప్లాన్ల మాత్రం వేరే దేశంల ఎక్కువ రాత్రులు చూపిస్తే అడుగుతరు, ఆపుతరు. రాత్రులు తేలినంకనే ఫారం ముట్టుకోండి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆఖరు 15 రోజుల ముందు, మామూలుగ 15 రోజుల్ల చెప్తరు కానీ 45 దాకా పోవచ్చు, కాబట్టి ఆఖరిదాక ఆగకండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలది ఉండాలె.

లక్షణం: మొదటి రోజు టికెట్లు నీళ్ళపాలు

ఎండకాలంల అక్కడి టైం మనకన్నా మూడున్నర గంటలు వెనుక. రాత్రి ఎనిమిదికే కళ్ళు మూతపడ్తయి, తెల్లారి నాలుగింటికే లేస్తరు, మనకు అప్పటికి ఏడున్నర. దిగిన రోజు ఏ స్లాటూ బుక్ చేయకండి, నది ఒడ్డున నడిచి తినిపండుకోండి. మరుసటి పొద్దున ఫస్ట్ స్లాట్ తీసుకోండి, ఎట్లాగూ మెలకువనే ఉంటరు.

ఈ లెక్కలన్నీ పెట్టి మొన్న మా బామ్మర్దికి ప్లాన్ వేసిచ్చిన, కొత్తగ పెళ్ళైంది, వాళ్ళకు గూడ 7 రాత్రులే. పారిస్ 3, ఇంటర్లాకెన్ 4, జూరిక్‌ల ఫ్లైట్ ఎక్కుడు, అప్లై చేసుడు స్విట్జర్లాండ్‌కు. ఒక్కసారే ఊరు మారుడు. వాడు రెండు రోజులు ఏమనలే. నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టిండు, "బావా, ఇంటర్లాకెన్ నుంచి వెనిస్ పొద్దున పోయి రాత్రికి వస్తే కాదా" అని. పోను ఆరు గంటలు, రాను ఆరు గంటలు అని రాసిన. కాసేపు టైప్ చేసిండు, ఆపిండు, మళ్ళ చేసిండు.

"సరే బావా, మిలాన్ అయితే?"