వీపుల నుంచి ముఖాల దాకా: పాత్రికేయ విద్యార్థి కెమెరా బెరుకు ఎలా పోగొట్టుకోవాలి?

జర్నలిజం చదివే రోజుల్లో నా మొదటి ఫొటో పని బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో. గంటన్నర తిరిగి 140 ఫొటోలు తెచ్చాను. కంప్యూటర్‌లో వేసి చూస్తే దాదాపు అన్నీ వీపులే. కెమెరాకు ఏ జబ్బూ లేదు. ఎదురుగా వెళ్లి నిలబడటానికి నాకే మొహమాటం. ఇప్పుడు ఆలోచిస్తే, నన్ను తప్పు చోట మొదలుపెట్టించారు అనిపిస్తుంది.

1. మీటల సంగతి ఇంట్లోనే తేల్చుకోండి

షటర్ వేగం, అంటే కెమెరాలోకి వెలుతురు పడే సమయం, సెకనులో 250వ వంతు పెట్టండి. ఫొటో ఎంత వెలుగుగా రావాలో సర్దే ఐఎస్‌ఓను ఆటోకు వదిలేయండి. నడిచే మనిషి చెదరకుండా పడతాడు. అన్నీ మనమే అమర్చుకునే మాన్యువల్‌లోనే తీయాలన్న పట్టింపు ఇప్పుడే వద్దు. చూడకుండానే మీటలు వేలికి తగిలేదాకా ఇంట్లోవాళ్ల మీద సాధన చేయండి. వాళ్లు విసుక్కుంటారు, అదీ అలవాటు కావాలి.

2. ఫొటో కోరుకునే వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి

ఒకప్పటి సెంట్రల్ జైలు స్థలంలోని ఫ్రీడం పార్క్ ఇప్పుడు నగరంలో నిరసనలకు కేటాయించిన చోటు. అక్కడికి వచ్చేదే తమ గోడు నలుగురికీ తెలియాలని. కెమెరా చూస్తే ముఖం తిప్పుకోరు, ప్లకార్డు ఇంకాస్త పైకెత్తుతారు. రెండుసార్లు వెళ్తే సగం బెరుకు అక్కడే దిగిపోతుంది.

3. తర్వాతే మార్కెట్

తెల్లవారుజామున వెళ్లండి. మొదట పై అంతస్తు నుంచి బంతి, చామంతి గుట్టలను తీయండి. అందరూ తీసే ఫొటోనే, అయినా చేతి వణుకు తగ్గుతుంది. ఆ తర్వాత కిందికి దిగండి.

కింద ఒక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో కొన్ని ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ, షటర్ వేగం ఎక్కువైతే ఫొటోలో చారలు పడతాయి. అలాంటి చోట 100వ వంతుకు దించండి. కదలికలు కాస్త చెదురుతాయి కాబట్టి మనిషి ఆగే క్షణం కోసం కాచుకోవాలి. పూలు తూచేటప్పుడు ముల్లు నిలిచేదాకా అమ్మేవారూ కొనేవారూ దాని వైపే చూస్తుంటారు. మీకు కావలసింది ఆ క్షణమే.

4. ముందు మాట, తర్వాత కెమెరా

కెమెరాను దాచకండి, మెడలో కనబడేలా వేసుకోండి. "మూర ఎంతమ్మా?" అని అడిగి ఒక మూర కొనండి. "కాలేజీ పత్రికకు రాస్తున్నానమ్మా, మీరు పూలు కడుతుంటే ఒక ఫొటో తీసుకోనా?" అనండి. తెలుగు రానివారైతే "ఫొటో తెగీబహుదా?" చాలు, మీ కన్నడం విని నవ్వినా మంచిదే. వద్దంటే నమస్కారం పెట్టి ముందుకు కదలండి.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక అవ్వ, "నా ముఖం ఏం బాగుంటుంది నాయనా, పూల ఫొటో తీసుకో" అంది. చేతులు తీయనా అంటే సరేనంది. ఎడమ చేతి వేళ్ల మధ్య రెండు పూలు, కుడి చేత్తో దారం మెలిక, మళ్లీ రెండు పూలు. దూరంగా పది తీసే బదులు మోకాళ్ల మీద కూర్చుని మూడే తీశాను. ఆ మూడూ పనికొచ్చాయి.

"నవ్వండి", "ఇటు చూడండి" అనకండి. వార్తా ఫొటోలో మనం మనుషులను సర్దకూడదు. కంప్యూటర్‌లో వెలుతురు సరిచేయవచ్చు, అంచులు కత్తిరించవచ్చు. ఉన్నది చెరపడం, లేనిది చేర్చడం మాత్రం కుదరదు.

5. పేరు అక్కడే రాసుకోండి

పేరు, ఊరు, చేసే పని, తేదీ. రాసింది వారికే చదివి వినిపించండి. ఇంటికొచ్చాక గుర్తుంటుందని నమ్మకండి.

6. ప్రింటు తీసుకుని మళ్లీ వెళ్లండి

ఈ మెట్టు ఎవరూ చెప్పరు గానీ నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. వారం తర్వాత ఆ అవ్వకు చేతుల ఫొటో ప్రింటు ఇచ్చాను. వెలుతురు వైపు తిప్పి చూసింది, పక్క కొట్టు ఆమెకూ చూపించింది. తర్వాత నా వైపు తిరిగి, "చేతులేనా? మరి నా ముఖమేదీ?" అంది.