మామిడి గుజ్జు సీసాలు అంగడికి పంపే ముందు జాగ్రత్తలు

చిత్తూరు తోతాపురి గుజ్జుకు పేరుంది గానీ, ఆ పేరు లేబుల్ తప్పును కాయదు.

- లైసెన్సు రాకముందే లేబుళ్లు అచ్చు వేయించకండి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చేతికొచ్చాకే ప్రెస్సుకు వెళ్లాలి. లైసెన్సులోని ఆహార రకాల్లో గుజ్జు ఉందో లేదో చూడండి. పచ్చడికి తీసుకున్న లైసెన్సు దీనికి చెల్లదు.

- బ్యాచ్ బ్యాచ్‌కూ పీహెచ్ (పులుపు కొలత) చూడండి. మీటరును ముందు పీహెచ్ 4, 7 ఉన్న బఫర్ ద్రావణాలతో సరిచేయాలి. బాగా మగ్గిన కాయలో పులుపు తగ్గి పీహెచ్ పెరుగుతుంది. 4.6 దాటితే మామూలు మరుగు చాలదు, గాలి చొరని సీసాలో ప్రాణాంతక విషం పుట్టించే బొటులిజం క్రిమి పెరగొచ్చు. సిట్రిక్ యాసిడ్ కలిపితే పదార్థాల జాబితాలో రాయాల్సిందే.

- ల్యాబు పరీక్షకు శాంపిల్ అమ్మబోయే బ్యాచ్ నుంచే తీయండి (ప్రత్యేకంగా వండినది పంపితే ఆ రిపోర్టు ఎందుకూ కొరగాదు). ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఆ పరీక్షకే ఉండాలి. రిపోర్టులో బ్యాచ్ నంబరు సరిచూసుకోండి. తర్వాత ఆరు నెలలకోసారి పరీక్ష తప్పదు.

- లేబుల్‌పై నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఫిర్యాదుల ఫోన్ నంబరు, ఆకుపచ్చ శాకాహార గుర్తు. సీసా బరువు కలిపి తూచడం మామూలుగా దొరికిపోయే తప్పు.

- చక్కెర వేసి "స్వచ్ఛమైన పండు" అనకండి.