ఇల్లు తాళం వేసి నెలలపాటు ఊరెళ్తే నీళ్ల లైన్లకు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి విజయవాడ, గుంటూరుల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి వెళ్లి మూడు నాలుగు నెలలకు గానీ తిరిగి రారు. చలిదేశాల్లో అయితే పైపులో నీళ్లు గడ్డకట్టి, దాదాపు 9 శాతం ఉబ్బి, పైపును పగలగొడతాయి. మనకు ఆ బెడద లేదు. ఇక్కడ ఇంటిని పాడుచేసేవి నిలవ నీళ్లు, ఎండిపోయిన నీళ్లు. ఎక్కువమంది ట్యాంకు నింపిపెట్టి, బాత్రూం జాలీల సంగతి వదిలేసి వెళ్తారు. చేయాల్సింది దానికి సరిగ్గా ఎదురు: ట్యాంకు ఖాళీ చేయాలి, జాలీలు నింపాలి.

తలుపు తీయగానే మురుగు కంపు, బాత్రూంలో బొద్దింకలు

సెప్టిక్ ట్యాంకు బండికి ఫోన్ చేసే ముందు జాలీలు చూడండి. జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నెలాంటి నహానీ ట్రాప్‌లో, వాష్‌బేసిన్ కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్‌లో, కమోడ్ మెడలో రెండంగుళాల లోతున నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు గాలినీ పురుగునూ లోపలికి రాకుండా ఆపేది ఆ నీళ్లే. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో, మూసిన గదిలో, కొద్ది వారాలకే అవి ఆవిరైపోతాయి.

కిటికీలు తీసి, ప్రతి జాలీలో లీటరు నీళ్లు పోయండి. కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయండి. గంటకల్లా కంపు తగ్గాలి. తగ్గకపోతే మళ్లీ జాలీలో టార్చి వేసి చూడండి. పోసిన నీళ్లు అప్పుడే దిగిపోయి ఉంటే ట్రాప్ పగిలినట్టు. పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడల్లా గుడగుడమని దిగుతుంటే, డాబా మీది గాలి గొట్టం పిచ్చుక గూటితోనో ఆకులతోనో మూసుకుపోయి ఉంటుంది.

వెళ్లేముందు అయితే నీళ్లు పోశాక, పైన మూడు నాలుగు చెంచాల వంటనూనె వేయండి. నూనె పొర కింద నీళ్లు ఎన్నో రెట్లు నిదానంగా ఆవిరవుతాయి. కిరోసిన్ మాత్రం వద్దు. కమోడ్ నోటి మీద ప్లాస్టిక్ కాగితం పరిచి టేపు వేయండి. ఎక్కువమంది మరిచేది వాషింగ్ మెషీన్ దగ్గరి జాలీ, బాల్కనీ జాలీ, ఎవరూ వాడని రెండో బాత్రూం.

కింది ఫ్లాట్ వాళ్ల సీలింగు తడుస్తోంది

అన్నిటికన్నా ఖరీదైన నష్టం ఇదే. చాలాసార్లు కారణం కమోడ్ పక్కన ఉండే హెల్త్ ఫాసెట్ గొట్టం. చేత్తో నొక్కే మీట నీళ్లను చివర మాత్రమే ఆపుతుంది. గొట్టం మాత్రం రాత్రింబవళ్లు ట్యాంకు ఒత్తిడిని మోస్తూనే ఉంటుంది. గోడలోంచి వచ్చే చిన్న కుళాయి, అంటే ఆంగిల్ కాక్, కట్టేస్తే ఆ ఒత్తిడి ఉండదు. వాష్‌బేసిన్, గీజరు, ఫ్లష్ ట్యాంకు, వాషింగ్ మెషీన్, ఆర్‌ఓ, వీటన్నిటి దగ్గరా అంతే. ప్లాస్టిక్ నట్లున్న కనెక్షన్ పైపుల్లో నట్టు దగ్గర సన్నని గీత కనిపిస్తే ప్రయాణానికి ముందే మార్చేయండి.

ఆ పైన డాబా మీది మెయిన్ వాల్వు కూడా కట్టాలి. తాళం చెవి పక్కింటివాళ్లకు ఇస్తే, ఏ వాల్వు ఎటు తిప్పాలో వాళ్లకు ఒకసారి చూపించి వెళ్లండి.

ట్యాంకులో పాకుడు, దోమ లార్వా

మూత సరిగా కూర్చోకపోతే చాలు. దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లోనే పిల్ల దోమ ఎగురుతుంది. డెంగీ దోమ గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే నీళ్లు వదిలేస్తే సరిపోదు, గోడలు బ్రష్షుతో రుద్దాలి. తరవాత 1000 లీటర్ల ట్యాంకుకు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు బకెట్ నీళ్లలో కలిపి, పావుగంట పేరుకోనిచ్చి, పై తేట మాత్రం ట్యాంకులో పోసి నింపండి. ప్రతి కుళాయీ ఘాటు వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. నాలుగు గంటలాగి మొత్తం పారబోసి, మంచినీళ్లతో కడగండి. ఈలోపు గీజరు, ఆర్‌ఓ కాక్‌లు మూసే ఉండాలి. క్లోరిన్ తగిలితే ఆర్‌ఓ పొర పాడవుతుంది. బ్లీచింగ్ వాడిన చోట యాసిడ్ చుక్క కూడా పడకూడదు, విషవాయువు పుడుతుంది.

మోటారు గుర్రుమంటుంది, తిరగదు

వెంటనే ఆపండి. అలాగే ఉంచితే వైండింగ్ కాలుతుంది. సంపు పక్కన పెట్టే మోనోబ్లాక్ మోటార్లలో లోపలి చక్రం తుప్పుకీ ఉప్పుకీ పట్టేస్తుంది. కరెంటు బోర్డులోని ఎంసీబీ స్విచ్ దించి, వెనక ఫ్యాన్ మూత తీసి, ఫ్యాన్‌ను చేత్తో అటూ ఇటూ కదపండి. వదులై తేలిగ్గా తిరుగుతున్నా స్విచ్ వేస్తే గుర్రుమంటే కెపాసిటర్ పోయినట్టు, లేదా వోల్టేజీ తక్కువ. కెపాసిటర్‌లో కరెంటు ఆపాక కూడా చార్జ్ మిగిలి ఉంటుంది కాబట్టి దాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

తిరుగుతూ నీళ్లు ఎక్కకపోతే, సంపులో పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వు కారి పైపు ఖాళీ అయింది. పైనున్న బిరడా తీసి నిండా నీళ్లు పోయండి. పోసినకొద్దీ దిగిపోతుంటే ఫుట్ వాల్వు శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. ఖాళీగా తిప్పితే సీలు మాడుతుంది. ఆటోమేటిక్ బాక్సు ఉన్నవాళ్లు వెళ్లేముందు ఎంసీబీ దించి తీరాలి. సంపు ఎండినా అది మోటారును తిప్పుతూనే ఉండవచ్చు.

గీజరులో ఎర్రనీళ్లు, కుళ్లిన గుడ్డు వాసన

ఎరుపు తుప్పుది. వాసన మాత్రం నిలవ నీళ్లలో బాక్టీరియా, ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే ఆనోడ్ కడ్డీ కలిసి చేసే పని. కరెంటు తీసేసి, రెండు మూడుసార్లు నింపి వదలండి. ఖాళీ చేసిన గీజరుకు వేడి కుళాయిలోంచి ధార నిండుగా వచ్చేదాకా స్విచ్ వేయకండి, కాయిల్ మాడిపోతుంది.

వాల్వు తెరిస్తే కారుతోంది, కుళాయి సన్నగా వస్తోంది

కారుతున్నది పిడి కిందనున్న గ్లాండ్ నట్టు దగ్గరైతే స్పానర్‌తో పావు చుట్టు బిగిస్తే చాలు. బిగుసుకున్న గేట్ వాల్వును బలంగా తిప్పి విరవకండి, కొంచెం ముందుకీ వెనక్కీ కదుపుతూ రండి. కుళాయి సన్నబడిందంటే పైపులో ఊడిన ఉప్పు పెళ్లలు మూతి జల్లెడలో ఇరుక్కున్నాయి. తొలి నీళ్లు వదిలే ముందే జల్లెడలన్నీ విప్పి పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

వానాకాలంలో వెళ్తున్నవాళ్లకు

సంపు మూత నేలమట్టాన ఉంటే అది పెద్ద ప్రమాదం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో వరద ఇళ్లలోకే వచ్చింది. అలాంటి నీళ్లు పడిన సంపును తోడేసి, అడుగు బురద ఎత్తి, గోడలు రుద్ది, పైన చెప్పిన లెక్కన బ్లీచింగ్ వేశాకే వాడాలి. మోటారు మునిగి ఉంటే ఆరినట్టు కనిపించినా స్విచ్ వేయకుండా, విప్పి ఆరబెట్టించి వైండింగ్ పరీక్ష చేయించండి. మున్సిపల్ కనెక్షన్ వాల్వు ముందే కట్టి ఉంటే, సంపు నిండగానే నీళ్లు ఆపే తేలే బంతి వాల్వు (బాల్ కాక్) పట్టేసి సంపు పొంగే గొడవ కూడా తప్పుతుంది.