ఎచింగ్‌లో తెగిపోయిన గీతలు: నాకు ఎలా సరయ్యాయంటే

అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు, అరుగు మీద ఆవిడ చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న బొమ్మ, చిన్న రాగి ప్లేట్ మీద ఎచింగ్ కోసం గీసుకున్నా. ఎచింగ్ అంటే ప్లేట్ మీది గీతల్ని యాసిడ్‌తో లోతు చేసి, వాటిలో ఇంక్ నింపి, పైన మిగిలింది తుడిచేసి, తడి పేపర్ మీద ప్రెస్‌తో అచ్చు తీయడం. ప్లేట్ మీద గీతలు బానే దిగాయి, ప్రింట్ తీస్తే మాత్రం ఆవిడ వేళ్ళ దగ్గర సన్న గీతలన్నీ తెగిపోయి బూడిద రంగులో వస్తున్నాయి. మొదట ప్రెస్ ప్రెషర్ తక్కువేమో అనుకుని బిగించా, ప్లేట్ అంచు పేపర్‌ని కోసేసింది తప్ప గీత మారలేదు.

అసలు సంగతి పేపర్. మే నెల, హైదరాబాద్, పైన ఫ్యాన్, మందపాటి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) కాటన్ పేపర్‌ని పావుగంట నానబెట్టి తీస్తే నేను ఇంక్ తుడిచేలోపే ఆరిపోతోంది, ఆరిన పేపర్ గీతల్లోకి దిగి ఇంక్‌ని పట్టుకోలేదు కదా. ఇప్పుడు ముందురోజు రాత్రే తడిపి, కాగితాలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పైన బరువు పెడుతున్నా, పొద్దున్నకి తడి లోపలిదాకా సమంగా పాకుతుంది, పైన నీటి మెరుపు ఉంటే బ్లాటింగ్ పేపర్‌తో (నీటిని పీల్చే కాగితం) అద్దేస్తా. ఇంక్ కూడా గట్టిగా ఉంటే ప్లేట్‌ని కాస్త వెచ్చబెడితే చాలు, నూనె ఎక్కువ కలపొద్దు, గీత పక్కకి పాకిపోతుంది.

మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్స్‌లో ఆ సన్న గీతలు చూసే నాకీ పిచ్చి పట్టింది. నిన్నటి ప్రింట్‌లో అమ్మమ్మ గోళ్ళు కూడా కనిపించాయి.