పాత టామ్ అండ్ జెర్రీ పిల్లలకు పెట్టేటప్పుడు జర ఇట్ల చెయ్యున్రి

ఎండాకాలం సెలవులల్ల హన్మకొండల ఏ ఇంటికి పోయినా టామ్ అండ్ జెర్రీనే నడుస్తుంటది, నాకూ మస్తు ఇష్టం, బంద్ పెట్టమంటలేను. కానీ 1940 నుంచి 1958 దాకా వచ్చిన ఎంజీఎం అనే అమెరికా సినిమా కంపెనీ వాళ్ల పాత షార్ట్‌లు (చిన్న కార్టూన్ సినిమాలు) ఉంటయి గదా, హన్నా, బార్బెరా అనే ఇద్దరు తీసినయి, అండ్ల కొన్నిట్ల నల్లజాతోళ్లను తక్కువ జేసి సూపెట్టిండ్రు, అందుకే అవి పెట్టేముందు మీరొక్కసారి చూడున్రి, ఒక్కోటి ఏడెనిమిది నిమిషాలే.

ముందుగాల టామ్ ఉండే ఇంట్ల పనిజేసే నల్లజాతి ఆమెను చూడున్రి. కాళ్లు, చెప్పులు, చేతుల చీపురు, గంతే, మొఖం దాదాపు ఎక్కడా కనవడదు. ఆమెకు గొంతిచ్చింది లిలియన్ రాండాల్ఫ్ అనే నటి, ఈ పేరు పిల్లలకు తప్పకుంట చెప్పున్రి, ఎందుకంటే ఆ షార్ట్‌లల్ల ఆమె పేరు పడదు. 1952 తర్వాత ఆ పాత్రనే లేదు. 1960లల్ల టీవీ కోసం కొన్నిట్ల ఆమె జాగల తెల్లామెను గీసిండ్రు, అటెన్క ఇంకొన్నిట్ల గొంతు మార్చిండ్రు, అందుకే ఒకటే షార్ట్ రెండు మూడు తీర్ల దొరుకుతది, మీ దగ్గరున్నది ఏదో చూసుకోవాలె.

మధ్యల ఆపి "ఈమె మొఖం ఎందుకు సూపెడతలేరు బిడ్డా" అని అడుగున్రి, జవాబు మీరు చెప్పకున్రి, ఎంతసేపైనా వాళ్లనే ఆలోచించనియ్యున్రి. మనింట్ల బోళ్లు తోమే అక్క పేరేందో కూడా అడుగున్రి, తెల్వకపోతే పోయి అడిగి రమ్మనున్రి.

బాంబు పేలంగనే టామ్ మొఖం నల్లగై, పెదవులు లావై, జడలు లేస్తయి చూడున్రి, పిల్లలకు అది ఉత్త మసి. కానీ అమెరికాల తెల్ల నటులు మొఖానికి మసి పూసుకొని నల్లోళ్లను ఎక్కిరిచ్చిన నాటకాలు ఏండ్లకేండ్లు ఆడినయి, ఆ నవ్వు అక్కడికెళ్లి వచ్చింది. ఐదారేండ్ల లోపు పోరగాండ్లకైతే ఇసొంటియి పెట్టకపోవుడే మంచిది, అంతకంటే పెద్ద పిల్లలకు పెట్టి చెప్పున్రి.

అట్లని కనవడ్డదల్లా కట్ చేసుడు కూడా సరిగాదు. స్పీడీ గొంజాలెస్ అని మెక్సికో ఎలుక కార్టూన్ ఒకటుంటది, మెక్సికోళ్లను ఎక్కిరిచ్చినట్టుందని దాన్ని 1999ల కార్టూన్ నెట్‌వర్క్ చానల్ ఆపేస్తే, లాటిన్ అమెరికా మూలాలున్న అభిమానులే మా హీరో మాకు గావాలని అడిగిండ్రు, 2002ల మళ్ల వచ్చింది. బొమ్మ ఎవల గురించో వాళ్లేమంటున్నరో ముందు ఇనాలె. మన యాసను తెలుగు సినిమాలల్ల ఎన్నేండ్లు రౌడీలకు, కమెడియన్లకే పెట్టిండ్రో మనకెరుకే, పిల్లలకు సమజ్ జేయనీకి ఆ ముచ్చటనే చెప్పున్రి.

ఒక్కసారికి రెండు షార్ట్‌లే పెట్టున్రి, ఎక్కువైతే మాట్లాడే ఓపిక వాళ్లకుండది.